పసుపు నిల్వల నుంచి బ్లాక్–షోల్స్ దాకా: ఎన్‌పీటీఈఎల్ డెరివేటివ్స్ కోర్సుపై సమీక్ష

ఐఐటీ రూర్కీ మేనేజ్‌మెంట్ స్టడీస్ విభాగానికి చెందిన ప్రొఫెసర్ జె.పి. సింగ్ బోధించిన ‘ఫైనాన్షియల్ డెరివేటివ్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్’ పన్నెండు వారాల ఆన్‌లైన్ కోర్సు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ బోధన కార్యక్రమం ఎన్‌పీటీఈఎల్ నిర్వహణలో, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ మీద ఇది అందుబాటులో ఉంది. వారానికి సుమారు అయిదు పాఠాలు, ఒక్కొక్కటి అరగంట అటూ ఇటూ ఉంటాయి. చదువుకోవడానికి రుసుము లేదు; సర్టిఫికెట్ కావాలనుకున్నవారు మాత్రమే పరీక్ష ఫీజు కట్టాలి. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, ఇంటి దగ్గర నుంచే డెరివేటివ్స్‌ను, అంటే సరుకు, షేరు వంటి వాటి ధరను బట్టి విలువ మారే ఒప్పందాలను, పునాదుల నుంచి నేర్చుకోవాలనుకునే తెలుగువారికి ఈ కోర్సును నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే దీనినుంచి ఏమి ఆశించాలో, ఏమి ఆశించకూడదో ముందే తెలుసుకుని చేరడం మంచిది. రేపు ఉదయం ఏ ఆప్షన్ (ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు) కొనాలి, ఏది అమ్మాలి అని చెప్పే పాఠాల కోసం వచ్చినవారికి ఇది రెండో వారానికే విసుగు పుట్టిస్తుంది. ధర ఎలా ఏర్పడుతుంది, నష్టభయం ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరకు ఎంత ధరకు మారుతుంది అన్న రెండు ప్రశ్నలను పట్టుకుని చివరి వరకు వదలకుండా సాగడం ఈ కోర్సు స్వభావం. నా దృష్టిలో దీని గొప్పతనం కూడా అదే.

ఈ విషయాన్ని ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021–22 నుంచి 2023–24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈక్విటీ (షేర్ల) ఫ్యూచర్స్‌లో, అంటే ఇవాళ ఒప్పుకున్న ధరకు తరువాతి తేదీన కొనే లేదా అమ్మే ఎక్స్ఛేంజీ ఒప్పందాల్లో, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు ₹2 లక్షలు. అందరి నష్టం కలిపితే ₹1.8 లక్షల కోట్లు దాటింది. తరువాతి సంవత్సరం, అంటే 2024–25లోనూ, నష్టపోయినవారి వాటా 91 శాతం దగ్గరే నిలిచింది. ఈ అంకెల వెనుక మన జిల్లాల కుర్రవాళ్లు, చిన్న ఉద్యోగులు, పదవీ విరమణ సొమ్మును ఖాతాలో పెట్టుకున్న పెద్దవాళ్లు కూడా ఉన్నారు. వీరిలో చాలామంది మార్కెట్‌లోకి అడుగుపెట్టే ముందు ఏదో ఒక ‘కోర్సు’ తీసుకున్నవారే. శని, ఆదివారాల్లో హోటల్ హాళ్లలో జరిగే వర్క్‌షాపులు, వేల రూపాయల ఫీజు, ఆపైన ఒక గ్రూపులో సభ్యత్వం, స్క్రీన్ మీద లాభాల ఫోటోలు: ఇదంతా మనకు తెలిసిన వ్యవహారమే. చదువు పేరుతో సలహాలు అమ్మే ఈ పద్ధతిని అదుపు చేయడానికే, విద్యాబోధన మాత్రమే చేస్తున్నామని చెప్పేవారు గత మూడు నెలల మార్కెట్ ధరలను పాఠాల్లో వాడరాదని సెబీ 2025 జనవరిలో స్పష్టం చేసింది. నిజమైన పాఠానికి ఆ నిబంధన వల్ల వచ్చే లోటు ఏమీ లేదు. ఫార్వర్డ్ ధర, అంటే రాబోయే తేదీకి ఇవాళే ఒప్పుకునే ధర, ఎలా కట్టాలో నేర్పడానికి నిన్నటి నిఫ్టీ ముగింపు ధర అవసరం లేదు.

నేను తెనాలి ప్రాంతంలో పసుపు వ్యాపార సంస్థల లెక్కలు చూస్తుంటాను. దుగ్గిరాల యార్డులో కొన్న సరుకు కోల్డ్ స్టోరేజీల్లో నెలల తరబడి నిలవ ఉంటుంది. దాని మీద బ్యాంకు అప్పు ఉంటుంది, వడ్డీ నడుస్తుంటుంది, ధర మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. ఇటువంటి వ్యాపారానికి ఫ్యూచర్స్ ఏమేరకు పనికివస్తాయి, ఎక్కడ పనికిరావు అన్నది అంకెలతో తేల్చుకోవాలనే ఉద్దేశంతో ఈ కోర్సులో చేరాను. కాబట్టి నా అంచనా షేర్ మార్కెట్ ట్రేడరు కోణం నుంచి కాక, ఇప్పటికే నష్టభయం మోస్తున్న వ్యాపారి కోణం నుంచి వచ్చినదని పాఠకులు గుర్తుంచుకోవాలి.

మొదటి వారాల్లో ఫార్వర్డ్, ఫ్యూచర్స్ ఒప్పందాల పరిచయం ఉంటుంది. ఇక్కడ ఆచార్యులవారు చాలా నిదానంగా నడిపిస్తారు. ఇవాళ సరుకు కొని, దానికి అప్పు తెచ్చి, గడువు వరకు దాచి ఉంచితే అయ్యే ఖర్చు కన్నా ఫ్యూచర్స్ ధర బాగా ఎక్కువైతే ఏమి జరుగుతుంది, తక్కువైతే ఏమి జరుగుతుంది అన్న ఒక్క తర్కం నుంచే ధర సూత్రం మొత్తం పుడుతుంది. ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్న జోస్యానికి ఆ సూత్రంలో చోటు లేదు. వడ్డీ, గిడ్డంగి అద్దె, తరుగు లెక్కలు రాసి అలవాటున్నవారికి ఈ భాగం ఎంతో దగ్గరగా అనిపిస్తుంది. మన వ్యాపారులు పెన్సిలుతో కాగితం మీద వేసుకునే ‘దాస్తే ఎంత పడుతుంది’ అన్న లెక్కే ఇక్కడ సమీకరణ రూపంలో కనిపిస్తుంది.

మార్జిన్ల (ఒప్పందానికి హామీగా ముందే కట్టే సొమ్ము) పాఠం దగ్గర మాత్రం ఆగి, స్వంత అంకెలు వేసుకుని చూడాలని చేరబోయేవారికి నా సూచన. ఉదాహరణకు పసుపు ఫ్యూచర్స్‌లో ఒక కాంట్రాక్టు 5 టన్నులనీ, ధర క్వింటాలుకు ₹14,000 అనీ, మార్జిన్ 10 శాతమనీ అనుకుందాం. ఒక కాంట్రాక్టు విలువ ₹7,00,000 అవుతుంది. కట్టవలసిన మార్జిన్ ₹70,000. క్వింటాలుకు ధర ₹400 మారితే, అంటే మూడు శాతం కూడా నిండని కదలిక వస్తే, ₹20,000 ఖాతాలో పెరగడమో తరగడమో జరుగుతుంది. కట్టిన మార్జిన్‌లో అది నాలుగో వంతు కన్నా ఎక్కువ. ‘లెవరేజ్’ (తక్కువ సొమ్ముతో ఎక్కువ విలువైన ఒప్పందం చేయడం) అనే మాటను వందసార్లు విన్నా కలగని భయం ఈ చిన్న లెక్క ఒక్కసారి చేతితో వేస్తే కలుగుతుంది. ఏ రోజు లాభనష్టాలు ఆ రోజే నగదు రూపంలో తేలిపోవడం, అంటే మార్క్ టు మార్కెట్, ఎందుకు అవసరమో, దాని వల్ల ఎక్స్ఛేంజీకి ఏ రక్షణ, ఖాతాదారునికి ఏ ఇబ్బంది కలుగుతాయో ఈ దశలోనే అర్థం చేసుకుంటే మిగతా కోర్సు సులభమవుతుంది.

కోర్సు మొత్తంలో నాకు అత్యంత విలువైనవిగా తోచినవి ఫ్యూచర్స్‌తో హెడ్జింగ్ (ధర మార్పు నుంచి రక్షణ ఏర్పాటు), బేసిస్ రిస్క్ పాఠాలు. మన దగ్గర ఉన్న సరుకు ధరకూ ఫ్యూచర్స్ ధరకూ మధ్య ఉండే తేడాను బేసిస్ అంటారు. ఆ తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే హెడ్జింగ్ అంత సులువైన పని మరొకటి ఉండదు. కానీ అది మారుతూనే ఉంటుంది. మన పసుపు దీనికి చక్కని ఉదాహరణ. వ్యవసాయ సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్‌కు ప్రామాణిక కేంద్రం నిజామాబాద్. అక్కడి కొమ్ము ధరను ఆధారం చేసుకుని ఒప్పందం నడుస్తుంది. దుగ్గిరాలలో కాయలు నిలవ పెట్టుకున్న వ్యాపారి ఆ ఒప్పందంలో అమ్మకం చేస్తే ఊరు వేరు, రకం వేరు, కొనుగోలుదారులు వేరు. నిజామాబాద్‌లో ధర తగ్గి దుగ్గిరాలలో తగ్గకపోవచ్చు. ఒక్కోసారి రెండూ ఎదురెదురుగా కూడా కదలవచ్చు. కాబట్టి 50 టన్నుల సరుకు ఉంటే 50 టన్నుల ఫ్యూచర్స్ అమ్మడమే రక్షణ అనుకోవడం పొరపాటని ఈ పాఠాలు నిరూపిస్తాయి.

దీనికి కోర్సు ఇచ్చే సమాధానం కనిష్ఠ విచలన హెడ్జ్ నిష్పత్తి, అంటే మిగిలే ఒడిదొడుకు అతి తక్కువగా ఉండాలంటే సరుకులో ఎంత భాగానికి ఫ్యూచర్స్ అమ్మాలో చెప్పే అంకె. మన సరుకు ధరలో నెలనెలా వచ్చే మార్పుల ప్రామాణిక విచలనాన్ని (సగటు నుంచి ఎంత అటూ ఇటూ కదులుతాయో చెప్పే కొలత) ఫ్యూచర్స్ ధర మార్పుల ప్రామాణిక విచలనంతో భాగించి, రెండింటి మధ్య ఉన్న సహసంబంధ గుణకంతో (రెండూ ఎంత కలిసి కదులుతాయో చెప్పే అంకె) గుణించాలి. దుగ్గిరాల ధర మార్పుల విచలనం క్వింటాలుకు ₹600, ఫ్యూచర్స్ ధర మార్పుల విచలనం ₹800, సహసంబంధం 0.8 అనుకుంటే నిష్పత్తి 0.6 వస్తుంది. అంటే 50 టన్నుల నిల్వకు 30 టన్నుల ఫ్యూచర్స్, అంటే ఆరు కాంట్రాక్టులు అమ్మితే చాలు. ఈ లెక్కలో ఇంతకన్నా ముఖ్యమైన రెండో సగం ఒకటి ఉంది. ఇంత జాగ్రత్తగా హెడ్జ్ చేసినా ఒడిదొడుకు ₹600 నుంచి ₹360కి తగ్గుతుందే తప్ప సున్నాకు రాదు. సహసంబంధం 0.8 నుంచి 0.5కు పడిపోతే ₹520 దగ్గరే ఆగిపోతుంది. అంత తక్కువ రక్షణ కోసం మార్జిన్ కట్టడం, రోజూ ఖాతా చూసుకోవడం అవసరమా అని వ్యాపారి ఆలోచించుకోవాలి. హెడ్జింగ్ అంటే నష్టభయం మాయం కావడమని నమ్మించే ప్రచారాల మధ్య, ఎంత తగ్గుతుందో ఎంత మిగిలిపోతుందో అంకెతో చెప్పే ఈ పాఠానికి నేను ఎంతైనా విలువ కడతాను.

పై ఉదాహరణనే మరొక అడుగు ముందుకు తీసుకువెళితే నగదు సమస్య బయటపడుతుంది. ఆరు కాంట్రాక్టులు అమ్మిన తరువాత ఫ్యూచర్స్ ధర క్వింటాలుకు ₹2,000 పెరిగిందనుకుందాం. 300 క్వింటాళ్ల మీద ₹6,00,000 నగదుగా వెంటనే చెల్లించాలి. అదే సమయంలో కోల్డ్ స్టోరేజీలోని 500 క్వింటాళ్ల విలువ, 0.6 నిష్పత్తి అంచనా ప్రకారం క్వింటాలుకు ₹1,200 చొప్పున, ₹6,00,000 పెరిగి ఉంటుంది. పుస్తకాల్లో లెక్క సరిపోయింది. కానీ చెల్లింపు ఇవాళ, సరుకు అమ్మకం ఎప్పుడో మూడు నెలల తరువాత. ఈ మధ్యకాలంలో ఆ ఆరు లక్షలు తెచ్చేది ఎక్కడి నుంచి? 1993లో జర్మనీకి చెందిన మెటాల్‌గెసెల్‌షాఫ్ట్ సంస్థ అమెరికా అనుబంధ విభాగం సరిగ్గా ఇటువంటి చిక్కులోనే పడింది. వినియోగదారులకు దీర్ఘకాలం పాటు ఒకే ధరకు చమురు ఉత్పత్తులు సరఫరా చేస్తామని ఒప్పుకుని, ఆ బాధ్యతకు రక్షణగా స్వల్పకాలిక ఫ్యూచర్స్ కొన్నది. చమురు ధర పడిపోయేసరికి మార్జిన్ చెల్లింపులు మీద పడ్డాయి. చివరికి నష్టం సుమారు 130 కోట్ల డాలర్లకు చేరింది. దిశ వేరైనా కీలకం ఒకటే: హెడ్జ్ సరైనదే కావచ్చు, దాన్ని చివరిదాకా నిలబెట్టే నగదు లేకపోతే ఆ సరైనతనం అక్కరకు రాదు. మన వ్యాపార సంస్థల్లో ఎవరైనా ఫ్యూచర్స్ వైపు చూస్తుంటే, బ్యాంకు పరిమితిలో మార్జిన్ల కోసం విడిగా ఎంత ఉంచుకోవాలో ముందే రాసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఆప్షన్ల భాగంలో కోర్సు స్వరూపం మారుతుంది. లెక్కల భారం పెరుగుతుంది, వేగం కూడా పెరుగుతుంది. కాల్ (కొనే హక్కు), పుట్ (అమ్మే హక్కు) చెల్లింపుల చిత్రాలు, ధరల హద్దులు, పుట్–కాల్ పారిటీ (ఆ రెండింటి ధరల మధ్య సంబంధం) చకచకా గడిచిపోతాయి. ద్విపద నమూనా (ధర రెండే దిశల్లో కదులుతుందని అనుకుని వేసే లెక్క) దగ్గర మాత్రం పాఠాన్ని ఆపి, కాగితం తీసుకుని లెక్క మళ్లీ వేసుకోవాలి. ఒక షేరు ధర ఇవాళ ₹100, ఏడాది తరువాత ₹120 కావచ్చు లేదా ₹90 కావచ్చు, వడ్డీ 5 శాతం అనుకుందాం. ₹100 స్ట్రైక్ ధర (కొనడానికి ఒప్పుకున్న ధర) ఉన్న కాల్ ఆప్షన్ ఖరీదు ఎంత ఉండాలి? రెండు షేర్లు కొని మూడు కాల్స్ అమ్మితే, ధర పెరిగినప్పుడు షేర్ల విలువ ₹240, కాల్స్ మీద చెల్లించవలసింది ₹60, మిగిలేది ₹180. ధర తగ్గితే షేర్ల విలువ ₹180, కాల్స్ మీద చెల్లింపు లేదు, మిగిలేది మళ్లీ ₹180. ఏది జరిగినా చేతికి వచ్చేది ఒకటే కాబట్టి దీనిలో నష్టభయం లేదు. అందువల్ల 5 శాతం వడ్డీ లెక్కన దాని ఇవాళ్టి విలువ ₹171.43. రెండు షేర్లకు ₹200 పెట్టాం కనుక మూడు కాల్స్‌కు ₹28.57 రావాలి; ఒక్కొక్కటి ₹9.52.

ఈ లెక్కలో షేరు పెరిగే అవకాశం ఎంత అన్న ప్రశ్న ఎక్కడా రాలేదని గమనించండి. పెరిగే అవకాశం 80 శాతమైనా 30 శాతమైనా, షేరు ధర ₹100 దగ్గర ఉన్నంతవరకు ఆప్షన్ ధర మారదు. మార్కెట్ ఎటు వెళుతుందో తనకు తెలుసన్న నమ్మకంతో ఆప్షన్లు కొనే వ్యక్తి ఈ ఒక్క పాఠాన్ని పూర్తిగా జీర్ణం చేసుకుంటే, తాను కొంటున్న దాని ధరలో తన అభిప్రాయానికి ఏ విలువా లేదనీ, ఆ ధరను ప్రధానంగా నిర్ణయిస్తున్నది ఒడిదొడుకు పరిమాణమనీ తెలుసుకుంటాడు. ఈ కోర్సుకు నేను ఎక్కువ మార్కులు వేయడానికి ఇదొక ముఖ్య కారణం. ఫలితాన్ని ముందుగా ప్రకటించి నమ్మమనడం ఇక్కడ లేదు. మెట్టుమెట్టుగా లెక్క కట్టించి, ఆ ఫలితం దగ్గరకు మనల్నే నడిపిస్తారు.

అక్కడి నుంచి ఆప్షన్ ధర కట్టే బ్లాక్–షోల్స్ సమీకరణ వరకు దారి కఠినమైనది. యాదృచ్ఛిక చలనాలు, ఇటో సూత్రం, అవకలన సమీకరణాలు వరుసగా వస్తాయి. డిగ్రీలో గణితం చదివినవారు, ఇంజినీరింగు చదివినవారు ఓపికగా కూర్చుంటే అందుకోగలరు. బీకాం నేపథ్యం ఉన్నవారికి ఈ వారాలు భారంగా ఉంటాయి. సంభావ్యత, లాగరిథమ్‌లు, కలనగణితం మూలసూత్రాలు ముందే ఒకసారి తిరగేసుకోవడం తప్పనిసరి. ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్‌ల పరిశోధనలు 1973లో వెలువడ్డాయి. షికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజీ మొదలైంది కూడా ఆ సంవత్సరమే. 1997లో షోల్స్, మెర్టన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, వారిద్దరూ భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే పెట్టుబడి సంస్థ కూలిపోయే స్థితికి రాగా పద్నాలుగు ఆర్థిక సంస్థలు కలిసి సుమారు 360 కోట్ల డాలర్లు సమకూర్చి దాన్ని నిలబెట్టవలసి వచ్చింది. సమీకరణను ఎంత శ్రద్ధగా నేర్చుకోవాలో, దాని కింద ఉన్న ఊహలను అంత శ్రద్ధగా అనుమానించాలి అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఆ ఊహల్లో ఒకటి, ధర ఎన్నడూ సున్నాకు దిగువకు పోదన్నది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే నెల ఫ్యూచర్స్ బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. మన సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో చమురు కాంట్రాక్టు ఆ ధర ఆధారంగా మైనస్ ₹2,884 దగ్గర పరిష్కారమైంది. లాక్‌డౌన్ వల్ల ఆ రోజుల్లో మన దగ్గర ట్రేడింగ్ సాయంత్రం 5 గంటలకే ముగిసేది. అమెరికాలో రాత్రివేళ ధర కుప్పకూలుతుంటే ఇక్కడ కొని పెట్టుకున్నవారికి బయటపడే మార్గమే లేకపోయింది. పెట్టిన సొమ్ము పోవడమే గరిష్ఠ నష్టమనుకున్నవారు దానికి మించి చెల్లించవలసి వచ్చింది. నమూనా ఊహల గురించిన పాఠం వింటున్నప్పుడు ఈ సంఘటనను పక్కన పెట్టుకుని వినాలని నా సలహా.

ఇక లోపాల సంగతి. ఇది విశ్వవిద్యాలయ స్థాయి సిద్ధాంత బోధన. మన మార్కెట్ నిబంధనల కోసం దీని మీద ఆధారపడకూడదు. రికార్డు చేసిన పాఠాలు ఏళ్ల తరబడి అవే ఉంటాయి, నిబంధనలు మాత్రం మారుతూ ఉంటాయి. 2024 అక్టోబరులో సెబీ తెచ్చిన మార్పులతో ఇండెక్స్ డెరివేటివ్ ఒప్పందం కనీస విలువ ₹15 లక్షలకు పెరిగింది. వారంవారం గడువు ముగిసే ఒప్పందాలు ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒక సూచీకే పరిమితమయ్యాయి. ఇటువంటివి సెబీ, ఎక్స్ఛేంజీల సర్క్యులర్లలోనే చూసుకోవాలి. వ్యవసాయ సరుకుల వ్యాపారులకు మరో హెచ్చరిక: ఏ సూత్రమూ లెక్కలోకి తీసుకోని రిస్క్ ఒకటుంది, మార్కెట్టే మూతపడటం. 2021 డిసెంబరులో శనగలు, గోధుమలు, పెసలు, సోయాబీన్ సహా ఏడు సరుకుల డెరివేటివ్ ట్రేడింగ్‌ను సెబీ నిలిపివేసింది; ఆ తరువాత ఆ నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చింది. పసుపు ఆ జాబితాలో లేదు. అయినా, హెడ్జింగ్ మీద వ్యాపార ప్రణాళిక మొత్తం నిలబెట్టుకునేవారు ఈ అవకాశాన్ని కూడా లెక్కించుకోవాలి. ఆపైన, బోధన ఇంగ్లీషులో సాగుతుంది, ఆచార్యుల ధోరణి గంభీరమైనది, పలక మీద లెక్కలు నిండుగా ఉంటాయి. ఆకర్షణీయమైన బొమ్మలకు, వినోదానికి అలవాటు పడిన కళ్లకు ఇది పొడిగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ గాంభీర్యం నచ్చింది. డబ్బు పోగొట్టుకునే అవకాశం ఉన్న విషయాన్ని వినోదంగా చెప్పకపోవడమే మర్యాద.

వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లు ఈ కోర్సుకు వెన్నెముక. పాఠం చూసి అర్థమైందనుకోవడం వేరు, ప్రశ్న ముందు కూర్చుని ఆర్బిట్రేజ్ లాభం (ధరల తేడా వల్ల నష్టభయం లేకుండా వచ్చే లాభం) ఎంతో రాబట్టడం వేరు. చివరి మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు కేటాయిస్తారు. పన్నెండు వారాల కోర్సులో బాగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటునే లెక్కిస్తారు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 కనీసం రావాలి. పరీక్షను ఇంట్లో కూర్చుని రాయడం కుదరదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోని కేంద్రానికి వెళ్లి పర్యవేక్షణలో రాయాలి. నేను రాసినప్పుడు ఫీజు ₹1,000. కళాశాల విద్యార్థులకు మరొక ప్రయోజనం ఉంది: యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం కోర్సుల ద్వారా పూర్తి చేసుకుని క్రెడిట్లు బదిలీ చేసుకునే వీలును విశ్వవిద్యాలయాలు కల్పించవచ్చు. మన ఎంబీఏ, ఎంకాం విద్యార్థులు తమ కళాశాలలో ఈ సంగతి తప్పక అడిగి తెలుసుకోవాలి.

దూరవిద్యలో ఇదే దారిన ఉన్న మరికొన్నింటితో పోల్చి చెప్పాలి. బ్రోకింగ్ సంస్థల్లో ఉద్యోగం కోరేవారికి సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం వారి ఎనిమిదో సిరీస్, అంటే ఈక్విటీ డెరివేటివ్స్ సర్టిఫికేషన్ పరీక్ష నేరుగా పనికివస్తుంది. రెండు గంటల్లో వంద ప్రశ్నలు, ఉత్తీర్ణతకు 60 శాతం, తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కులో 25 శాతం కోత. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. దాని వర్క్‌బుక్‌లో క్లియరింగ్, సెటిల్‌మెంట్, పన్నులు, నిబంధనలు చక్కగా ఉంటాయి. ధర ఎందుకు అలా ఏర్పడుతుందో చెప్పే లోతు మాత్రం తక్కువ. జెరోధా వర్సిటీ పాఠాలు ఉచితం, సరళం. ఆప్షన్ అంటే ఏమిటో భూమి ఒప్పందం ఉదాహరణతో అక్కడ వివరించిన తీరు కొత్తవారికి ఎంతో సులువుగా అర్థమవుతుంది. పొజిషన్ సైజింగ్ (ఒక్కో ఒప్పందంలో ఎంత సొమ్ము పెట్టాలన్నది), వాల్యూ ఎట్ రిస్క్ (ఎంత నష్టం రావచ్చన్న అంచనా) మీద అక్కడ ఉన్న అధ్యాయాలు కూడా చదవదగినవే. అయితే వాటిని ప్రచురిస్తున్నది బ్రోకరేజీ సంస్థ అన్న స్పృహతో చదవాలి. కోర్సెరాలో కొలంబియా విశ్వవిద్యాలయం వారి ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ కోర్సు గణితంలో ఇంతకన్నా ముందుకు వెళుతుంది. ఉద్యోగరీత్యా క్వాంట్ (గణితంతో మార్కెట్లను విశ్లేషించే) రంగం వైపు వెళ్లదలచుకున్న ఇంజినీర్లకు, అమెరికాలోని మన పిల్లలకు అది తరువాతి మెట్టు కాగలదు.

నా అభిప్రాయంలో, డెరివేటివ్స్ అసలు తెలియనివారు ముందు వర్సిటీలోని ఫ్యూచర్స్, ఆప్షన్స్ అధ్యాయాలు చదివి, పదజాలం అలవాటు చేసుకుని, ఆ తరువాత ఈ కోర్సుకు రావడం మేలు. పసుపు, పత్తి, ఆముదం వంటి సరుకుల వ్యాపారంలో ఉన్నవారు ఫ్యూచర్స్, హెడ్జింగ్ వారాలు పూర్తి చేయగానే అక్కడ ఆగి, తమ యార్డు నెలవారీ ధరలను, ఎక్స్ఛేంజీ ఫ్యూచర్స్ ధరలను పక్కపక్కన ఒక ఎక్సెల్ పట్టికలో వేసి, సహసంబంధం, హెడ్జ్ నిష్పత్తి స్వయంగా లెక్కించుకోవాలి. కనీసం మూడేళ్ల ధరలు తీసుకుని, పంట వచ్చే నెలలను విడిగా చూస్తే బేసిస్ ఎప్పుడు ఎలా కదులుతుందో కళ్లకు కడుతుంది. ఆప్షన్ల వారాలను ఆ తరువాత తీరికగా చూడవచ్చు. జనవరిలో, జులైలో మొదలయ్యే సెమిస్టర్లలో ఈ కోర్సు జాబితాలో ఉందో లేదో స్వయం వెబ్‌సైట్‌లో చూసుకుని నమోదు చేసుకోవాలి. పరీక్షతో పని లేనివారికి పాఠాల వీడియోలు ఏడాది పొడవునా యూట్యూబ్‌లో ఉంటాయి.